కాగితం లేని హుకుం

ఉదయగిరి,
ప్రమాది నామ సంవత్సరం, చైత్ర బహుళ పంచమి.
(1879 ఏప్రిల్ నెల)

నెల్లూరులో ధాన్యం వర్తకులైన మహారాజశ్రీ రామనారాయణ శెట్టి గారి సముఖానికి, ఉదయగిరి బండ్ల కమాలుద్దీన్ సలాము చేసి స్వహస్తంతో రాసుకున్నది.

ఇక్కడ నేనూ, నా భార్య హసన్‌బీ, మిగిలిన నాలుగు ఎడ్లూ క్షేమం. అక్కడ మీ క్షేమం కోసం దేవుణ్ణి వేడుకుంటున్నానని రాయడం మర్యాద. వేడుకోలేదు కాబట్టి రాయడం లేదు. మీ ఒంటికి ఏమీ కాకూడదని మాత్రం కోరుకున్నాను. నేను చేసిన పని ఫలితం అనుభవించడానికి మీరు గట్టిగా ఉండాలి.

మర్యాద ఇక్కడితో చాలు. వీధిబడిలో ఒకే ఇసుకలో అక్షరాలు దిద్దాం. నా తెలుగు నీ పక్కన కూర్చుని నేర్చుకున్నదే. నిన్ను నువ్వు అనే రాస్తాను.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కాగితమూ అందాయి. కరువులో వర్తకులు ఎట్లా నడుచుకున్నారో విచారించడానికి వచ్చిన దొర ఆత్మకూరు బంగళాలో దిగాడనీ, నన్ను కూడా పిలుస్తాడనీ, పిలిచే లోపలే ఆ కాగితం మీద చేవ్రాలు పెట్టి పంపమనీ రాశావు. కాగితంలో ఉన్నవి రెండు మాటలు. ఈశ్వర సంవత్సరంలో మన కంపెనీ జొన్నల ధర పెంచినా తగ్గించినా మన ఇష్టప్రకారమే చేసిందనీ, ఏ ఉద్యోగీ మనతో ఏమీ అనలేదనీ ఒకటి. పాతరలో చచ్చిపోయిన మన కూలి వెంగయ్య దొంగతనానికి దిగి చచ్చాడనీ రెండోది. కింద నీ చేవ్రాలు ఉంది. నాకోసం పక్కన జాగా వదిలావు. చాలా ముచ్చటగా వదిలావు, ఎప్పుడూ నీ దస్తూరీ బాగుంటుంది.

ఆ కాగితం ఏమైందో చెబుతాను. ముందు నువ్వు మరిచిపోయినట్టు నటిస్తున్నవి గుర్తు చేయనీ.

ధాత సంవత్సరంలో వానలు ఎగ్గొట్టినప్పుడు ఊరూరా తప్పెట కొట్టించి చెప్పారు. ధాన్యం ధర జోలికి సర్కారు రాదు, వర్తకుడు తనకు నచ్చిన ధరకు అమ్ముకోవచ్చు, అడ్డు చెప్పేవాడు లేడు అని. ఆ రోజు నువ్వు ఆత్మకూరు కొట్టు అరుగు మీద నిలబడి నా భుజం చరిచి, “ఇంక మనకు ఎదురేంది రా కమాలూ, మనమే రాజులం” అన్నావు. నీది ధాన్యం, నావి బండ్లు, ఇద్దరిదీ కంపెనీ. నేనూ నవ్వాను. అప్పటికే మా మేనత్త రసూల్‌బీ సీతారామపురంలో గడ్డలు తవ్వుకుని తింటున్నది. ఆ సంగతి తెలిసీ నవ్వాను.

మరుసటి వేసవిలో తాసీల్దారు మన కొట్టుకు వచ్చాడు. చాప మీద కూర్చున్నాడు, నువ్విచ్చిన తాంబూలం వేసుకున్నాడు. ఉదయగిరి బజారులో జొన్నలు రూపాయికి ఆరు శేర్లే వస్తున్నాయని పైవాళ్ళు అడుగుతున్నారు, కాస్త చూడండి అన్నాడు. అంతే. హుకుం కాదు, తాకీదు కాదు. ఆయన వెళ్ళాక నువ్వు ఆ తమలపాకు తొడిమ తీసి వీధిలో పారేస్తూ, “సర్కారే జోలికి రానని చెప్పినాక ఈయన ఎవరు రా చెప్పేదానికి?” అన్నావు. ధర అంగుళం కదల్లేదు.

వారం తిరగకుండా నా బండ్లు ఆరూ మర్రిపాడు దారిలో ఆగిపోయాయి. సర్కారు సామాను మోయాలి, ఇక్కడే ఉండండి అన్నారు. పదకొండు రోజులు ఉన్నాయి. సామాను రాలేదు. గడ్డి లేదు, నీళ్ళు మూడు మైళ్ళ దూరం. ఎనిమిది ఎడ్లు పడిపోయాయి. ఆఖరున పడ్డ మైల ఎద్దు నా చేతి మీద నాలుక పెట్టి పోయింది. ఎవరి హుకుంతో ఆపారని అడిగితే చూపించే కాగితం ఎవరి దగ్గరా లేదు. నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఏ చట్టం కింద చేయాలి? ధర మీద చట్టం లేదని మనం సంబరపడ్డాం చూడు, అప్పుడు నాకు అర్థమైంది. చట్టం ఉంటే దాన్ని చూపించి కాదనవచ్చు. అది లేని చోట కుర్చీలో ఉన్నవాడు కన్నెర్ర చేస్తే చాలు, మనం లొంగాలి.

తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. అదే చాప, అదే తాంబూలం. శుక్రవారం పెద్ద దొర ఉదయగిరి వస్తున్నారు, గంజి కేంద్రం పెట్టాలా వద్దా అని చూసిపోతారు, ఆ రోజు బజారులో జొన్నల రాశులు నిండుగా, రూపాయికి పద్నాలుగు శేర్లుగా కనపడితే బాగుంటుంది అన్నాడు. ‘కనపడితే’ అనే అన్నాడు. లేస్తూ నా వైపు తిరిగి, “ఏం సాయిబూ, ఎడ్లు కులాసాయేనా?” అని అడిగాడు. ఆ మాటకు నా చెప్పులు ఎక్కడ విడిచానో మరిచిపోయాను. నువ్వు మాత్రం గుమ్మం దాకా సాగనంపి వచ్చి, ఆత్మకూరు గంజి కేంద్రానికి ధాన్యం వేసే పని మనకే ఇప్పిస్తాడంట అని చెవిలో చెప్పావు. నన్ను బెదిరించి లొంగదీశాడు, నీకు ఆశ చూపి లొంగదీశాడు.

పాతరల సంగతి నీకు తెలియనిది కాదు. అయినా నీ చేత చదివించాలని రాస్తున్నాను. కొండ కింద మనం భూమిలో తవ్వించి జొన్నలు పోసి మట్టితో మూసిన పాతరలు రెండు. మూత తీసిన పాతరలో విషపు గాలి ఉంటుంది, కంటికి కనపడదు. రెండు పొద్దులు నోరు తెరిచి ఉంచాలి. వేపమండ దించి పైకీ కిందకీ ఊపాలి. తర్వాత ఉట్టిలో ప్రమిద పెట్టి దించాలి. తాంబూలం నమిలేంత సేపు ఆరకుండా వెలిగితేనే మనిషి దిగాలి. ఆరితే దిగకూడదు. మన తాతల నాటి నుంచి ఈ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు.

బుధవారం తెరిచి శుక్రవారం తెల్లవారి తీద్దామనుకున్నాం. బుధవారం నువ్వు ఆత్మకూరు నుంచి రావడానికే సాయంత్రమైంది. గురువారం పొద్దున్నే మూత తీయించావు. తీసిన కాసేపటికే కబురు వచ్చింది, దొర రేపు కాదు ఈ సాయంత్రమే వస్తున్నాడని. అప్పుడు నువ్వు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. “దొర ఆత్మకూరు దాటినాడంట. దీపాలు పెట్టుకుంటా కూర్చుంటే బజారులో ఏం పోస్తాం, మన్నా? దిగమను వాణ్ణి!” అన్నావు. కూలీలందరినీ వెంటబెట్టుకుని బజారులో చాపలు పరిపించడానికి వెళ్ళిపోయావు. మోకు లాగడానికి నా ఎడ్లు, నేను మిగిలాం. వెంగయ్య నడుముకు మోకు కట్టుకుని దిగాడు.

మనిషి లోపలికి వెళ్ళిన తర్వాత ఒక్కసారి దగ్గాడు. ఎడ్లను తోలి పైకి లాగాను. వచ్చింది వెంగయ్య కాదు, వాడి ఒళ్ళు.

నువ్వు వచ్చి చూశావు. నీ మొహం తెల్లబోయింది, అది నిజం, కాదనను. కానీ ఆ మొహంతోనే పాతర నోరు పలుగులతో పగలగొట్టించి, జొన్నలు తోడించి, బండ్లకు ఎత్తించావు. వెంగయ్య మీద గోనెపట్టా కప్పి కంచె వెనక పెట్టించావు. సాయంత్రం దొర గుర్రం దిగి బజారంతా తిరిగాడు. రాశులు చూశాడు. ధర అడిగాడు. గుప్పెడు జొన్నలు తీసి వాసన చూసి, తలాడించి, ధాన్యానికి కొరత లేదని రాసుకున్నాడు. ఉదయగిరిలో గంజి కేంద్రం అక్కర్లేదని తేలిపోయింది. ఆదివారానికి జొన్నలు మళ్ళీ ఆరు శేర్లయ్యాయి.

గంజి పోస్తారని సీతారామపురం నుంచి, వరికుంటపాడు నుంచి నడిచి వచ్చినవాళ్ళు మన బజారులోనే కూలబడ్డారు. ఇక్కడ లేదు, ఆత్మకూరు పొండి అన్నారు. మా మేనత్త కూడా లేచి ఆత్మకూరు వైపు నడిచింది. చిన్నప్పుడు మనిద్దరికీ ఒకే పళ్ళెంలో సేమ్యా పెట్టి, నీకు ఎంగిలి పట్టింపు ఉందని నీ వైపు వేరే చెంచా వేసేది చూడు, ఆవిడే. నేను బండి కట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళేసరికి దారి పక్కన చింత చెట్టుకు ఆనుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ వారమే నువ్వు ఆత్మకూరు కేంద్రానికి ధాన్యం వేయడం మొదలుపెట్టావు.

ఇవన్నీ క్షమించి ఉండేవాణ్ణేమో. భయపడ్డాం, ఆశపడ్డాం, మనుషులం. కానీ ఊళ్ళో మనిషి ఎందుకు చచ్చాడని ప్రశ్న వచ్చినప్పుడు, దొంగతనానికి దిగాడని చెప్పావే, అది క్షమించలేదు. ఎవరు చెప్పమన్నారు? ఎవరూ చెప్పమనలేదంటావు. తాసీల్దారు, “దొంగతనమే అయి ఉంటుంది కదూ?” అన్నాడు, నువ్వు ఔనన్నావు. ఆ ఒక్క ఔనుతో వెంగయ్య భార్య కామమ్మ దొంగ పెళ్ళాం అయింది. ఆమెను ఏ కళ్ళం దగ్గరికీ రానివ్వరు, ఏ ఇంట్లోనూ చేట పట్టనివ్వరు. ఈ రెండేళ్ళూ మా ఇంట్లో చింతపండు ఒలుస్తూ బతికింది. ఒక్కనాడూ నోరెత్తి ఏడవలేదు. ఆమె ఏడవని ప్రతి రోజూ నీ మీద నా కసి పెరిగింది. నా బండ్లు నీ కొట్టు నుంచి విప్పుకొచ్చిన కారణం మనస్పర్థ అని నువ్వు నలుగురికీ చెప్పుకున్నావట. మనస్పర్థ కాదు, పగ.

పోయిన ఏడు అనుమసముద్రం పేట దర్గాలో గంధం నాడు ప్రమీలమ్మ వదిన హసన్‌బీకి కనపడింది. నీకు నిద్ర రావాలని మొక్కుకోవడానికి వచ్చిందట. ఇంట్లో దీపం కొంచెం చిన్నదైతే ఉలిక్కిపడి లేచిపోతున్నావట. వదిన ఏడుస్తూ, “దీపం పెట్టనీకుండా చేసినానే, పెట్టి ఉంటే బతికేవాడే అని ఒకటే గొణుక్కుంటా ఉండాడు వదినా” అని చెప్పిందట. హసన్‌బీ కళ్ళు తుడుచుకుంటూ నాకు చెప్పింది. నేను ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, చదువుకో.

ఇక నీ కాగితం సంగతి.

ఇన్నేళ్ళలో తాసీల్దారు ఒక్క మాట కాగితం మీద పెట్టలేదు. ఆయన తెలివి అంతా అందులోనే ఉంది. చాప మీద కూర్చుని అంటాడు, దులుపుకుని లేస్తాడు, మాట గాలిలో పోతుంది. దొర ముందు నేను ఎంత మొత్తుకున్నా సాక్ష్యం ఏదని అడుగుతారు. నా దగ్గర ఏముంది, చచ్చిన ఎడ్లు తప్ప? కానీ నువ్వు, నన్ను బుజ్జగించాలనే తొందరలో, నీ అందమైన దస్తూరీతో ఏం రాశావో చూసుకున్నావా? “తాసీల్దారు గారు మన మేలు కోరి ఈ మాట చెప్పారు. మన ఇద్దరి చేవ్రాళ్ళూ పడితే రోడ్డు కూలీలకు ధాన్యం వేసే కంట్రాక్టు మన కంపెనీకే ఇప్పిస్తామంటున్నారు” అని రాశావు. ఆయన జీవితమంతా దాచుకున్నదాన్ని నువ్వు రెండు వాక్యాల్లో రాసి, కింద సంతకం చేసి, తపాలాలో నాకు పంపావు. నీ కోసం నేను ఒక ఉచ్చు పన్నాలని రెండేళ్ళు కూర్చున్నాను. నువ్వే పన్ని పంపిస్తావని అనుకోలేదు.

మొన్న ఆత్మకూరు వెళ్ళాను. నీ కాగితం మీద చేవ్రాలు పెట్టలేదు. చించనూ లేదు. ఉత్తరమూ కాగితమూ రెండూ తీసి దొర బల్ల మీద పెట్టాను. దుబాసీ చదివి ఇంగ్లీషులో చెప్పాడు. ‘తాసీల్దారు గారు ఈ మాట చెప్పారు’ అన్న చోట దొర చెయ్యెత్తి ఆపి రెండోసారి చదివించుకున్నాడు. గుమ్మం దగ్గర తాసీల్దారు బంట్రోతు నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూడటానికైనా నువ్వు రావలసింది. వెంగయ్యను మేమే పిలిచి దింపామనీ, వాడు గింజ కూడా దొంగిలించలేదనీ ప్రమాణం చేసి చెప్పాను. రాసుకున్నారు. దొర ఏం చేస్తాడో తెలియదు, వాళ్ళకు వాళ్ళే చుట్టాలు. తాసీల్దారును మాత్రం నాకు బాగా తెలుసు. ఈపాటికి ఆయనకు కబురు చేరి ఉంటుంది. ఇక ఆయన నీ కొట్టులో చాప మీద కూర్చోడు. ఒక రోజు దారిలో ఎదురై, “ఏం శెట్టీ, బండ్లు కులాసాయేనా?” అని అడుగుతాడు. ఆ రోజు నీకు నేను గుర్తొస్తాను. నాకు అది చాలు.

కంట్రాక్టు పోతుంది, కంపెనీ పోతుంది. నా పేరు కూడా ఆ కంపెనీలో ఉంది కాబట్టి నాదీ పోతుంది. మునిగితే ఇద్దరం మునుగుదాం, నాకు అభ్యంతరం లేదు.

వదినకు నా సలాములు చెప్పు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు.

ఇట్లు,
ఒకప్పటి నీ స్నేహితుడు, ఇప్పటి పగవాడు,
కమాలుద్దీన్.

తా. క. ఉత్తరం పొద్దునే ముగించాను. లక్క కరిగించబోయి ఆగిపోయాను. ఇంకొకటి రాయాలి.

ఆ రోజు దీపం దించాము.

నువ్వు అరిచి వెళ్ళాక వెంగయ్య, “శెట్టి పోయినాడు గదా సాయిబూ, ఒక్క రవంత సేపు దీపం దించి చూద్దాం” అన్నాడు. ప్రమిద వాడు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. వెలిగించి ఉట్టిలో పెట్టి నాకిచ్చి, వాడు మోకు కట్టుకుంటున్నాడు. నేను పాతర నోటి మీద బోర్లా పడుకుని దించాను. రెండు మూరలు దిగిందో లేదో ఆరిపోయింది. వెంగయ్య వెనక నుంచి అడిగాడు, “ఉండాదా సాయిబూ, ఆరిందా?” అని. మర్రిపాడు దారిలో పడి ఉన్న నా ఎడ్లు కళ్ళకు కట్టాయి. అక్కడ తాసీల్దారు లేడు. నువ్వు లేవు. నన్ను బలవంతం చేసినవాడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు. “ఉండాది, దిగు” అన్నాను.

దీపం పెట్టనివ్వకపోవడం వల్లే వాడు చచ్చాడని నువ్వు రెండేళ్ళుగా కుమిలిపోతున్నావు. ఒక్క మాట రాస్తే నీకు నిద్ర వచ్చేది. తెలిసే రాయలేదు. నీ మీద నా అసలు పగ అదే. కాగితాలు దొరకు ఇవ్వడం దాని ముందు ఎంత?

ఉత్తరం ముగించి, కామమ్మ దగ్గరికి గర్వంగా వెళ్ళాను. నీ మొగుడి మీద దొంగ పేరు చెరిపేసి వచ్చాను, శెట్టి దీపం పెట్టనీకుండా చేసినందుకు అనుభవిస్తాడు అన్నాను. ఆమె చింతపండు ఒలవడం ఆపి, “అయితే దీపం పెట్టలేదంటావా సాయిబూ?” అని అడిగింది. పెట్టలేదన్నాను. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు నా నోరు నా మాట వినలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆమె లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన ప్రమిద తెచ్చి నా ముందు పెట్టింది. వెంగయ్య ఒంటితో పాటు ఇంటికి చేరినదట. “వత్తి నేనే చేసి ఇచ్చినాను. వెలిగించకపోయుంటే తెల్లగా ఉండాల. బాగా చూసుంటే కాలుండాల. చూడు, కొస మాత్రం నల్లగా ఉండాది. వెలిగింది, ఆరింది. ఆరినాక నా మొగుడు దిగడు. ఎవరో ఉండాదని చెప్పినారు. ఆడ నువ్వు తప్ప ఎవరుండారు?” అన్నది. రెండేళ్ళ కిందటే తెలుసు. తెలిసే నా ఇంట్లో చింతపండు ఒలిచింది, నేను పెట్టిన అన్నం తిన్నది, నేను నిన్ను తిట్టినప్పుడల్లా వింటూ కూర్చున్నది. ఎందుకు అడగలేదన్నాను. “నీ నోటితో నువ్వు చెప్పాల. ఎన్ని దినాలకు చెప్తావో చూద్దామనుకున్నా” అన్నది.

దొర ఆత్మకూరులో ఇంకా మూడు రోజులు ఉంటాడు. రేపు తెల్లవారి కామమ్మ ఆ ప్రమిద పట్టుకుని బంగళాకు వెళుతుంది. నీ పేరు, తాసీల్దారు పేరు, అన్నిటికంటే ముందు నా పేరు చెబుతుంది. నడిచి పోతానన్నది. వద్దన్నాను. బండి కడుతున్నాను, తోలేది నేనే.